కొండని ఇద్దరు చూస్తే

మేమిద్దరం కారేసుకుని కొండల మీద తిరిగొచ్చామని తెలిసిన దగ్గర్నుంచీ చుట్టాలూ పక్కింటివాళ్ళూ ఫోన్‌లోనో గుమ్మంలోనో ఒకటే అడుగుతున్నారు, ‘ఏం చూశారు?’ అని. వెళ్ళొచ్చినవాళ్ళని ఎవరైనా అడిగే మాటే అది. నన్ను తొలుస్తున్నది ఆ ప్రశ్న కాదు, దానికి మా ఇంట్లోంచి వెళుతున్న జవాబులు. ఫోన్ నా చేతిలో ఉంటే వలిసె పూలు, అరుగు మీద అడ్డాకులు కుడుతున్న ఆడవాళ్ళు, నెగడు పొగ, టెంటు బయట చుక్కలు. అదే ఫోన్ మా ఆయన చేతికి వెళితే శిమిలిగుడ స్టేషను, మూడు ఇంజన్లు కట్టిన గూడ్సు, ఘాట్ రోడ్డు మలుపులు, వంజంగి కొండ మీద తెల్లవారుజాము మేఘాలు. మొన్న మా అప్ప రెండూ విని, ‘ఇంతకీ ఇద్దరూ కలిసే వెళ్ళారా?’ అంది. ఆమె మామూలుగానే అంది. ఆ మాట మాత్రం పోపు వేస్తున్నా, పాల లెక్క చూస్తున్నా నన్ను వదలడం లేదు. ఒకే కారు, ఒకే దారి, తలలు రెండూ ఒకే గుడ్డ కప్పు కింద. మరి మా ఇద్దరి మాటల్లో ఒక్క వస్తువైనా ఎందుకు కలవలేదు?

వెళ్ళింది పెద్ద దూరమేమీ కాదు. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట, అక్కణ్ణించి ఘాట్ ఎక్కి అనంతగిరి, అరకు, హుకుంపేట మీదుగా పాడేరు, ఆ పక్కనే వంజంగి, తర్వాత జి.మాడుగుల, చింతపల్లి, లంబసింగి, దిగితే నర్సీపట్నం. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. మా వైపు శరత్తుని నమ్మి ప్రయాణం పెట్టుకోవడం అంత తేలిక కాదు. పుస్తకాల్లో శరత్తంటే తెల్లమబ్బులు, తేరిన నీళ్ళు, పిండారబోసిన వెన్నెల. సముద్రం ఒడ్డున బతికేవాళ్ళకి అవే ఆశ్వయుజ కార్తీకాలు తుపాను నెలలు. హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద తీరం దాటింది 2014 అక్టోబరు 12న. మా వీధిలో చెట్లన్నీ ఆ రోజే పోయాయి. అదే గాలి కొండలెక్కి అరకు వైపు కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లని కూడా కూల్చింది. అందుకే ఆయన ముందు నుంచీ వాతావరణ శాఖ బులెటిన్లు చూస్తూ కూర్చున్నారు. బంగాళాఖాతంలో ఎక్కడా అల్పపీడనం లేదని తేలాకే అటక మీంచి టెంటు దిగింది. అది మా అబ్బాయి కాలేజీ రోజుల్లో కొనుక్కున్నది. అరకులో కావలసినన్ని గదులుండగా ఈ వయసులో నేల మీద పడక ఏమిటని ఇంట్లో అందరూ అన్నారు. గదిలో పడుకుంటే కొండ కిటికీ అవతల ఉండిపోతుంది. మధ్యన పల్చని గుడ్డ ఒక్కటే ఉంటే దాని చలీ తడీ చప్పుడూ రాత్రంతా మనతోనే ఉంటాయి. నాకు కావలసింది అదే. ఆయనకి కావలసింది వేరే: మెలకువ రాగానే తలుపు తాళాలూ మెట్లూ లేకుండా నేరుగా కొండ మీదికి నడిచిపోవడం. చూశారా, బయల్దేరక ముందే ఇద్దరం రెండు దారుల్లో ఉన్నాం. అయినా టెంటు దగ్గర మాట కలిసింది.

ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఒకటి గమనించాను. డ్రైవర్‌కి కొండ కనపడదు, వచ్చే మలుపు కనపడుతుంది. ఆయన చెవి ఎదుటి బండి హారన్ మీద, చెయ్యి గేరు మీద. ఎక్కడానికి ఏ గేరో దిగడానికీ అదే గేరు అని ఈ దారిలో తిరిగే డ్రైవర్లు చెప్పే మాట ఆయనకి మంత్రం. ఎడమ సీట్లో కూర్చున్న నాకు మాత్రం చేయవలసిన పనేమీ లేదు. ఒక మలుపులో రాతి గోడ చేతికందేంత దగ్గరగా వస్తుంది, ఊట నీళ్ళు, నాచు, దాని మీద చిన్న చిన్న ఫెర్న్‌లు. ఇంకో మలుపులో నేల ఉన్నట్టుండి మాయమై లోయ తెరుచుకుంటుంది. సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటల్లో కాయలు పచ్చ నుంచి ఎరుపుకి తిరుగుతున్నాయి, సిల్వర్ ఓక్ మానులకి మిరియపు తీగ చుట్టుకుని ఉంది. పెళ్ళయిన నాటి నుంచీ ఎడమ సీటు నాదే. స్కూటరు రోజుల్లో వెనక సీటు, అదీ పక్కకి తిరిగి. నా చూపు పక్కకి తిరిగిపోవడానికి కారణం నా స్వభావమేనా, లేక నన్ను కూర్చోబెట్టిన చోటా? స్టీరింగు నా చేతిలో ఉండి ఉంటే నేనూ మలుపులే లెక్కపెట్టేదాన్నా? తెలుసుకునే దారి ఉంది, డ్రైవింగ్ నేర్చుకోవడం. ఆలోచిస్తున్నాను.

ఆయన ఉద్యోగమంతా పోర్టులో గడిచింది, బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని ఓడలకెక్కించే చోట. ఆ ఎర్రధూళి చొక్కా కాలరులోంచి ఎంత ఉతికినా పోయేది కాదు. ఉతికిన చేతులు నావి గనక నాకు బాగా గుర్తు. ఆ ఖనిజం వచ్చే దారి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం. ఖనిజాన్ని జపానుకి పంపడం కోసమని 1960లలో ఈ కొండల్ని తొలిచి వేసిన లైను. యాభైకి పైగా సొరంగాలు. శిమిలిగుడ దగ్గర ఎత్తు 996 మీటర్లు. బ్రాడ్‌గేజ్ బండి అంత ఎత్తుకి ఎక్కడం ఆ రోజుల్లో పెద్ద సంగతి. ఆ స్టేషను దగ్గర కారు ఆపి ఆయన గూడ్సు కోసం కాచుకున్నారు. బండి వచ్చింది, ముందు మూడు ఇంజన్లు, వెనక అంతులేని పెట్టెలు, పెట్టెలన్నిటా ఆ ఎరుపు. ‘ఎక్కడం కాదు, బరువుతో దిగడమే కష్టం. బ్రేకుల మీదే ఉంటుందంతా’ అన్నారు, బండి పోయిన చాలాసేపటికి. నాకు అప్పుడు అర్థమైంది, తన జీవితమంతా ఒక చివర నిలబడి అందుకున్నదాన్ని ఆయన మొదటిసారి మధ్యదారిలో చూస్తున్నారని. అది రైలుని చూడటమా, తన ఏళ్ళని తాను చూసుకోవడమా? అడగలేదు. కొన్ని అడిగితే విరిగిపోతాయి.

అదే సమయంలో నేను కారు అవతలి వైపు గట్టు మీద కూర్చుని ఎదుటి వాలు చూస్తున్నాను. వాలంతా వలిసె చేను. కార్తీకంలో ఈ కొండల రంగు అదే, కళ్ళు తిప్పుకోనివ్వని పసుపు. మా అబ్బాయి నార్త్ కరొలినాలో ఉంటాడు. ఏటా అక్టోబరులో వాడూ కోడలూ బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీద కారులో తిరుగుతూ వీడియో కాల్ చేసి ఎరుపూ నారింజా ఆకులు చూపిస్తారు. ‘అమ్మా, ఇది చూడు, ఇది చూడు’ అని ఫోన్ తిప్పుతూనే ఉంటాడు. పగళ్ళు కురచబడి చలి మొదలయ్యేసరికి అక్కడి చెట్లు ఆకుల్లోని పచ్చదనాన్ని విడగొట్టి, అందులో పనికొచ్చేదాన్ని వెనక్కి లాక్కుంటాయి. ఆ పచ్చ కింద అన్నాళ్ళూ దాగి ఉన్న పసుపు అప్పుడు బయటికొస్తుంది. కొన్ని చెట్లు కొత్తగా ఎరుపు తయారుచేసుకుంటాయి కూడా. మన అడవి శరత్తులో అలా చేయదు. దానికి అప్పుడే వానలు కడుపునిండా తాగిన పచ్చదనం. మనకి ఆకురాలేది శిశిరంలో, ఎరుపు వచ్చేది ఉగాది ముందు రావి చిగుళ్ళకీ మామిడి చిగుళ్ళకీ. మరి ఈ కొండకి శరత్తులో రంగు వేసేది ఎవరు? వలిసెలు చల్లిన మనిషి. ఆ పసుపు వెనక విత్తు దాచుకున్న ఇల్లుంది, కలుపు తీసిన నడుముంది, గానుగాడితే వచ్చే నూనె ఉంది. చేలో నిలబడి ఫొటో తీసుకోవాలంటే ఇప్పుడు రైతులు కొంత డబ్బు తీసుకుంటున్నారు. దాన్ని తప్పుపట్టేవాళ్ళని విన్నాను. నాకైతే అది న్యాయంగా ఉంది. కొండకి ఆ రంగు ఊరికే రాలేదు కదా.

వంజంగి కింద టెంటు వేసుకున్న చోటు ఒక గిరిజన కుటుంబానిది. మేకులు దిగగొట్టడంలో ఆ ఇంటి కుర్రాడు సాయం చేశాడు. నెగడు వేసి ఇచ్చాడు. అన్నం, కందిపప్పు, చేమదుంపల పులుసు వాళ్ళింటివే. పంచమి చంద్రుడు తొందరగానే కొండ వెనక్కి దిగిపోయాడు. ఆయన తొమ్మిదింటికల్లా పడుకున్నారు, తెల్లవారుజామున నాలుగింటికి కొండెక్కాలి గనక. నా మోకాళ్ళకి ఆ ఎక్కుడు పడదని ముందే అనుకున్నాం. నేను నెగడు దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. నిప్పు సన్నగిల్లినకొద్దీ పైన చుక్కలు పెరిగాయి. నడినెత్తి దగ్గర కృత్తికలు, తూర్పు వైపు నుంచి ఎక్కి వస్తున్న మృగశిర. కార్తీకానికి ఆ పేరు ఎందుకొచ్చిందో పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో! పౌర్ణమి చంద్రుడు కృత్తికల దగ్గరుంటాడని బోర్డు మీద సుద్దముక్కతో బొమ్మ గీసి మరీ చెప్పాను. ఊళ్ళో వీధి దీపాల కింద ఆ పిల్లలకి చూపించే వీలు ఏనాడూ దొరకలేదు.

నేను తెలుగు టీచర్‌ని. శరత్కాలపు రాత్రి ఆకాశం కింద కూర్చుంటే నాకు నన్నయ గుర్తుకు రాకుండా ఉండడు. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో ఆయన భారతం తెనిగించడం మొదలుపెట్టి, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. ఆయన చివరి పద్యమని పరంపరగా చెప్పుకునేది శరద్రాత్రుల వర్ణన. చుక్కలు, వెన్నెల, పూలగాలి, అంతే, కలం ఆగిపోయింది. తిక్కన వచ్చి విరాటపర్వం నుంచి పూర్తిచేశాడు గాని ఆ అరణ్యపర్వం కొరత అలాగే ఉండిపోయింది. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన దాన్ని అందుకున్నాడు. అందుకుంటూ ఆయన మొదట చెప్పిందేమిటి? శరత్కాలపు ఉదయాలు. ఎర్రబారిన వెలుగు, మబ్బు తొలగిన ఆకాశం, విచ్చుకుంటున్న తామరలు. ఒకరు రాత్రి దగ్గర వదిలితే, రెండు వందల ఏళ్ళు దాటాక ఇంకొకరు తెల్లవారు దగ్గర పట్టుకున్నారు. ఈ సంగతి ఎన్నో తరగతులకి చెప్పాను. చెబుతున్నప్పుడల్లా ఎర్రన చమత్కారంగానే చెప్పాను. ఆ రాత్రి మాత్రం ఇంకోలా అనిపించింది. నన్నయ చూసిన రాత్రిని ఎర్రన చూడలేదు. ఆ చీకట్లో ఆయన మనసులో ఏముందో తెలియదు. అయినా అది ఎక్కడ ఆగిందో అక్కడికే వచ్చి నిలబడి, నీ రాత్రి తెల్లవారింది అని చెప్పాడు. అంతకన్నా పెద్ద గౌరవం ఒక మనిషి చూపుకి ఇంకో మనిషి ఇవ్వగలడా?

మా ఆయన లేచి టార్చి పట్టుకుని వెళ్ళాక నేను టెంటులోకి దూరి నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి బాగా వెలుతురు, మొహం మీద చల్లగా ఒక చుక్క పడింది. టెంటు గుడ్డ లోపలి వైపంతా నీటి బొట్లు. బయటి మంచు కాదది. రాత్రంతా లోపల వదిలిన ఊపిరి చల్లటి గుడ్డకి తగిలి నీరైంది. అందులో ఆయనదెంతో నాదెంతో వేరు చేయలేం. కాసేపటికి ఆయన దిగొచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడి, కళ్ళల్లో ఇంకా అక్కడే ఉన్న మనిషి. టీ గ్లాసు చేతికిచ్చి చెప్పమన్నాను. మామూలుగా ఆయనకి నాలుగు ముక్కల్లో తేల్చేయడం అలవాటు. ఆ పొద్దున అలా చెప్పలేదు.

‘చానెల్లోకి పోటు వచ్చినట్టే వచ్చింది’ అన్నారు. ‘మేం ఎక్కేసరికి లోయలన్నీ ఖాళీ, కింద పాడేరు దీపాలు కనపడుతున్నాయి. తూర్పు తెల్లబడుతుంటే అంచుల నుంచి మొదలైంది. ముందు పల్లం నిండింది, తర్వాత గట్లు, చూస్తుండగానే చిన్న కొండలన్నీ దీవులైపోయాయి. సూర్యుడు పైకొచ్చాక కాసేపు కదల్లేదు. ఆ తర్వాత పొగలు పొగలుగా లేచి విడిపోయింది.’ వాన వెనక్కి తగ్గిన కొత్తలో ఇలా ఎందుకవుతుందో కూడా ఆయనే చెప్పారు: మబ్బులేని రాత్రి నేల తన వేడి అంతా ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట జారి లోయలో పేరుకుంటుంది. వానకి నానిన నేల తడి ఆ చల్లదనంలో మబ్బు కడుతుంది. పైన వెచ్చటి గాలి మూతగా ఉండటంతో అది లేవలేదు, ఎండ నేలని తాకేదాకా. నేను చుక్కలు చూడగలిగిన తేట ఆకాశమే ఆయనకి ఆ మేఘాలని తయారుచేసిందన్నమాట! నా రాత్రి లేకపోతే ఆయన ఉదయం లేదు. ఇది నేను కల్పించుకుంటున్న అందం కాదు, గాలీ నీరూ అలాగే నడుస్తాయి.

మరి ఇప్పుడు ఎవరైనా వంజంగి మేఘాలు చూశావా అంటే నేను ఏమనాలి? చూశాననే అంటున్నాను. అది అబద్ధమా? ఆయన చెప్పిన తీరులో నాకు కనపడింది. ఒంటరిగా నా కళ్ళతో చూసి ఉంటే పోటు అన్న మాట నాకు తట్టేది కాదు, పోర్టులో బతికినవాళ్ళకే అది తడుతుంది. అలాగే నేను చెప్పాక ఆయన మర్నాటి రాత్రి మెడ ఎత్తి కృత్తికల్ని వెతుక్కున్నారు. దంపతులు ఒకే చూపుతో లోకాన్ని చూడాలని పెళ్ళిళ్ళలో పెద్దలు దీవిస్తారు. నాకు ఆ దీవెన మీద ఇప్పుడు అంత నమ్మకం లేదు. ఇద్దరికీ ఒకటే కనపడితే చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

మా ఇద్దరి చూపులూ కలిపినా చాలవని ఆ ఇంటి ముసలమ్మ దగ్గర తెలిసింది. ముంగిట్లో చోడి వెన్నులు పరిచి ఉన్నాయి, ఆమె వాటిని కర్రతో ఒకసారి కదిపి ఆకాశం వైపు చూస్తోంది. ‘మేఘాలు మీరూ చూస్తారా అమ్మా?’ అని అడిగాను. ‘చూడకపోతే ఎలాగమ్మా, అది విడిస్తేనే గదా చోళ్ళు ఎండేది’ అంది. ఆమె కూడా రోజూ ఆ మేఘాన్నే చూస్తోంది, ఎప్పుడు పోతుందా అని. పైన ఎంతోమంది ఇంకాసేపు ఉండాలని కోరుకుంటున్న గంటలోనే. ఈ అయిదారేళ్ళలో ఆ కొండకి జనం పెరిగారు. టెంట్లూ టీ కొట్లూ ఆ ఊళ్ళకి నాలుగు డబ్బులు తెచ్చాయి, కాలిబాట పొడుగునా చిప్స్ పొట్లాలూ తెచ్చాయి. మేమూ ఆ జనంలో ఇద్దరం. మా చెత్త మేం సంచిలో కట్టి కిందికి తెచ్చుకున్నాం, అంతమాత్రాన కొండ మీద మా బరువు లేదని అనగలనా? ఎదుటి వాలు మీది పోడు చేలు చూసి, అయ్యో అడవి కొట్టేశారని మాలాగే చూడవచ్చిన ఒకాయన కేకేశాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కూడా ఆ మాటే అని, తరతరాల పోడుని ఒక్క కలం పోటుతో నేరం చేసింది. ఆ కొండ వాలులోంచి తిండి గింజ తీయవలసిన మనిషికి కనపడేది, చూసి పోయే మనిషికి ఎలా కనపడుతుంది?

తిరుగు దారిలో చింతపల్లి దాటి లంబసింగి దగ్గర ఆగాం. రాజ్మా అమ్ముతున్నారు, కొన్నాం. అక్కణ్ణించి డౌనూరు మీదుగా నర్సీపట్నానికి దిగే రోడ్డు. నున్నగా ఉంది, రెండు పక్కలా అడవి, మలుపు మలుపుకీ ఒక కొత్త లోయ. ఆయన ఆ రోడ్డుని మెచ్చుకుంటూ నడుపుతున్నారు. నేను చదివింది నాకు గుర్తొచ్చి నోరు మెదపలేదు కాసేపు. ఈ నర్సీపట్నం–చింతపల్లి దారి పనిలోనే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళని వెట్టికి తోలాడు, కూలి సరిగా ఇవ్వకుండా రాళ్ళు మోయించాడు. గాం గంటందొర, మల్లుదొర సోదరులు అల్లూరి సీతారామరాజు పక్కకి రావడానికి ఆ కడుపుమంట ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు తీసుకుపోయారు. 1924 మే 7న బ్రిటిషు బలగాలు రాజుని కాల్చి చంపాయి. ఇప్పుడు ఈ కొండల జిల్లాకి ఆయన పేరుంది. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఏ మలుపు దగ్గరా లేవు. మా అబ్బాయి తిరిగే బ్లూ రిడ్జ్ పార్క్‌వే 1935లో మొదలైంది, ఆర్థిక మాంద్యపు రోజుల్లో పనిలేనివాళ్ళకి కూలి ఇచ్చి బతికించడానికి. 469 మైళ్ళు, కేవలం జనం కొండలు చూస్తూ పోవడానికే. మన కొండ రోడ్డు సర్కారు కోసం వేసింది, కూలి ఎగ్గొట్టి వేసింది, తర్వాత మనకి విహారానికి మిగిలింది.

ఇదంతా చెప్పాను. ఆయన కారు వేగం తగ్గించి, అడవి వైపున్న రాతి గోడల్ని మొదటిసారి పట్టి పట్టి చూశారు. ‘పాత దారి ఇదే అయ్యుండదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మలుపులు మారుస్తారు. పాతది పక్కన ఎక్కడో అడవిలో పడి ఉంటుంది’ అన్నారు. ఖనిజం బళ్ళ దారి ఎరిగిన మనిషి గనక అలాంటివి ఆయనకి తెలుస్తాయి. దిగుతూ చూస్తే దొరకదట, బండి వాలు మీద పరిగెడుతుంది, చూపు నిలవదు. కింద నుంచి, నర్సీపట్నం వైపు నుంచి, మెల్లిగా ఎక్కాలట, వీలైన చోట దిగి నడవాలట. వచ్చే కార్తీకానికి అలాగే అనుకున్నాం. డౌనూరు దగ్గర కారు ఆపి ఊళ్ళో పెద్దవాళ్ళెవరినైనా పాత దారి సంగతి అడగాలి. వాళ్ళ తాతల్లో ఆ రాళ్ళు మోసినవాళ్ళుంటే, ఏ మలుపు ఎవరిదో వాళ్ళ నోట వినాలి. ఆయన నోట్‌బుక్కులో కిలోమీటర్లు రాసుకుంటారు, నేను పేర్లు రాసుకుంటాను.